మా డాక్టరు గారు ఊళ్ళో లేనప్పుడు నా బీపీ చూపించుకున్న భాగోతం

మల్కాజ్‌గిరిలో మేం ఎప్పుడూ వెళ్ళే డాక్టరు గారు కూతురి కాన్పుకని అమెరికా వెళ్ళారు, దసరా దాకా రారంట, షట్టరు మీద కాగితం అంటించి ఉంది. సరిగ్గా అప్పుడే నా బీపీ మాత్రలు అయిపోవాలా, కుర్చీలోంచి లేస్తే కళ్ళు తిరగడం మొదలవ్వాలా. మందుల షాపువాడు పాత చీటీకి ఇవ్వనన్నాడు, పైగా కళ్ళు తిరుగుతున్నాయని తెలిసి మా ఆవిడ ఊరుకోదు కదా. మా బామ్మర్ది ఫోన్లో "బావా, ఇంకా ఆ గల్లీ డాక్టరేంది, పెద్దాస్పత్రికి పో, నా దగ్గర కార్డుంది, డిస్కౌంట్ వస్తది" అన్నాడు. ఆ కార్డు అక్కడ చెల్లలేదు, అది వేరే సంగతి.

రిజిస్ట్రేషన్ ఈజీనే. ఆధార్, ఫోన్ నంబరు, ఓటీపీ, నూటయాభై రిజిస్ట్రేషన్‌కి, ఏడొందలు కన్సల్టేషన్‌కి, అయిపోయింది. అసలు సినిమా మొదటి అంతస్తులో.

లిఫ్టు స్ట్రెచర్లకే అన్నారు, మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి రొప్పుతున్నాను, కూర్చోబోతుండగానే "అంకుల్ ఇటు రండి, వైటల్స్" అని ఒక అమ్మాయి పిలిచింది. వెనక ఆనుకోడానికి లేని స్టూలు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా మీదే పట్టీ చుట్టేసింది, చెయ్యి గాల్లో వేలాడుతోంది, మిషన్ గుర్ర్ మని బిగుస్తుంటే "పిన్‌కోడ్ చెప్పండి అంకుల్, షుగర్ ఉందా, మందు తాగుతారా" అని అడుగుతోంది, నేను జవాబులు చెప్తున్నాను. నూటఅరవైఎనిమిది బై నూటరెండు. అది రాసుకుంటే సరిపోయేది, కాదు, హాలు ఆ చివర కూర్చున్న ఇంకో అమ్మాయికి "అక్కా, ఈ అంకుల్‌కి వన్ సిక్స్టీ ఎయిట్!" అని అరిచింది. బెంచీల మీద వాళ్ళంతా తిరిగి చూశారు. ఒకాయన లేచి నాకు సీటిచ్చాడు! మా ఆవిడ అక్కడికక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకుని తమ్ముడికి ఫోన్ కొట్టింది.

ఇంతకీ బీపీ చూసే పద్ధతి అది కాదు. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, వీపుకి ఆనుడుండాలి, పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, పట్టీ బట్ట మీద కాదు ఒంటి మీద వేయాలి, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద ఉండాలి, చూసేటప్పుడు మాట్లాడకూడదు, అరగంట ముందు టీ గానీ సిగరెట్టు గానీ ఉండకూడదు, ఒంటేలు ఆపుకుని కూర్చున్నా పెరుగుతుంది. ఇదంతా నేను కనిపెట్టింది కాదు, మా డాక్టరు గారు ఇన్నేళ్ళుగా చేసేది. ఆయన ముందు కాసేపు మా ఆఫీసు కబుర్లు అడిగి, తర్వాత "ఇక నోరు మూసుకోవయ్యా" అని అప్పుడు చూస్తారు.

డాక్టరు రూములోకి మాకంటే ముందు బ్యాగులేసుకుని మెడికల్ రెప్పులు వరసగా వెళ్ళొచ్చారు, దాని గురించి మాట్లాడను. డాక్టరు కుర్రాడే, తల ఎత్తలేదు, స్క్రీనే చూస్తున్నాడు. నా పాత చీటీలన్నీ వరసగా టేబుల్ మీద పెట్టాను, పెన్ను మొనతో పక్కకి జరిపాడు. "బీపీ కంట్రోల్లో లేదు. టెల్మిసార్టన్ నలభై ఏం సరిపోతుంది? ఎనభై చేస్తున్నా, ఇంకోటి కలుపుతున్నా. ఈసీజీ, టూడీ ఎకో, కిడ్నీ, లిపిడ్, ఇవన్నీ ప్యాకేజీలో వస్తాయి." సార్, మెట్లెక్కి వచ్చానండీ, చొక్కా మీదే చూశారు, ఒక్కసారి మళ్ళీ చూడండి, అసలు నేను వచ్చింది లేస్తే కళ్ళు తిరుగుతున్నాయని అన్నాను. చాలా మర్యాదగానే అన్నాను, మా ఆవిడే సాక్షి. అప్పుడు తలెత్తాడు. "గూగుల్ చదివి వచ్చారా? అయితే మందులు కూడా మీరే రాసుకోండి, నా దగ్గరికెందుకు?" పక్కన నిలబడ్డ జూనియర్ పిల్లాడు కిసుక్కుమని నవ్వాడు. చూడండి, నా కొడుకంత వయసు, నా భార్య ముందు! నా చెవులు వేడెక్కిపోయాయి. ఇప్పుడు చూసుంటే రెండొందలు దాటేది.

టెస్టులు చేయించుకోలేదు. కింద కౌంటర్లో నా బీపీ రీడింగు, డాక్టరు రాసింది ప్రింటివ్వమంటే "టెస్టులు అయితేనే ఫైల్ వస్తది అంకుల్" అన్నారు. నేను జీవితమంతా ఫైళ్ళ మధ్య బతికినవాణ్ణి, నాకా చెప్పేది? 2002 నాటి మెడికల్ కౌన్సిల్ రెగ్యులేషన్స్‌లో పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని ఉంది, లిఖితపూర్వకంగా రాసిస్తాను, తీసుకున్నట్టు సంతకం పెట్టండి అన్నాను. టై కట్టుకున్న మేనేజరు దిగొచ్చాడు, రెండు నిమిషాల్లో కాగితం చేతికొచ్చింది. ఎవరైనా సరే, కొత్త చోటికి వెళ్తే మాట రాకపోయినా కాగితం మాత్రం వదలొద్దు.

మర్నాడు మా వాచ్‌మన్ భార్య చెప్పిందని బస్తీ దవాఖానాకి వెళ్ళాను. బామ్మర్దికి చెప్పలేదు, చెప్తే నవ్వుతాడు. ఇవి సర్కారువారి చిన్న దవాఖానాలు, 2018లో మొదలైనవి, ఫ్రీ, మన వీధిలోనే ఉన్నా మనం తలెత్తి చూడం. రెండు గదులు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్యాను టక్ టక్ మంటోంది. నర్సమ్మ కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి తీయించి, "సార్ జర మాట్లాడకుర్రి" అంది. నూటఇరవైఎనిమిది బై ఎనభైరెండు! డాక్టరమ్మ, ముప్ఫై కూడా ఉంటాయో ఉండవో, లేచి నిలబడమని మూడు నిమిషాలు ఆగి మళ్ళీ చూసింది. నూటనాలుగు. నిలబడితే పైది ఇరవై గానీ కిందది పది గానీ తగ్గితే అదే కళ్ళు తిరగడానికి కారణం కావచ్చంట. "వేరే మాత్రలేమైనా వేసుకుంటున్నారా?" అని అడిగి చీటీలన్నీ ఒక్కొక్కటే తిప్పింది. యూరిన్ డాక్టరు ప్రోస్టేటుకని కొత్తగా రాసిన టామ్సులోసిన్ దగ్గర వేలు ఆగింది. ఆ మాత్ర నిలబడినప్పుడు బీపీని దించుతుందట. అదే చీటీ నిన్న ఆయన పెన్ను మొన కింద కూడా ఉంది కదా! బీపీ మందు డబుల్ చేసి ఇంకోటి కలిపితే, రాత్రి బాత్రూంకి లేచినప్పుడు నేను ఎక్కడ పడేవాడినో.

ఆవిడ బీపీ మందు అంతే ఉంచింది, టామ్సులోసిన్ మాత్రం రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంది, మంచం మీంచి ఒక్కసారిగా లేవకుండా కాసేపు కూర్చుని లేవమంది, యూరిన్ డాక్టరుకి ఈ రీడింగులు చూపించమని చీటీ వెనకే రాసిచ్చింది. టెల్మిసార్టన్ అక్కడే ఇచ్చారు. అయినా జనం ఎక్కువ, వెళ్తే త్వరగా వెళ్ళండి, ఆలస్యమైతే గుమ్మం బయట ఎండలో నిలబడాల్సిందే, నీడ లేదు.

ఇంట్లో మిషన్ కొన్నాం, మణికట్టుది కాదు, దండ చేతికి వేసేది. పొద్దున, సాయంత్రం నిమిషం తేడాతో రెండేసి సార్లు చూసి మా ఆవిడ పాల లెక్క పుస్తకంలో రాస్తోంది. ఇంట్లో 135 బై 85 లోపు ఉండాలంట, ఉంటోంది. ఆ పెద్దాస్పత్రి నుంచి మాత్రం ఫోన్లు ఆగట్లేదు, "అంకుల్, ఎకో స్లాట్ బుక్ చేయమంటారా" అని. శుక్రవారం యూరిన్ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఆ పాల పుస్తకమే పట్టుకెళ్తాను.