బ్రిడ్జ్ పికప్ మార్చాను
ఆంప్‌లో గెయిన్ (సిగ్నల్ బలం) కాస్త పెంచితే చాలు నా ఎలక్ట్రిక్ గిటార్ బ్రిడ్జ్ దగ్గరి సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే, ఒకే వైరు చుట్ట ఉన్న భాగం) జుయ్‌మని ఒకటే హమ్, ఎన్నాళ్లని భరిస్తాం, మొన్న తీసేసి అదే సైజులో వచ్చే హంబకర్ అనే పికప్ పెట్టేశా. ఇందులో రెండు కాయిల్స్ ఉంటాయి, చుట్టే దిశ, అయస్కాంత ధ్రువం రెండూ ఒకదానికొకటి తిరగేసి పెడతారు, అందుకే బయటి హమ్ కొట్టుకుపోతుంది, తీగల సిగ్నల్ మాత్రం కలుస్తుంది. 1955లో గిబ్సన్ గిటార్ కంపెనీలో సేత్ లవర్ పేటెంట్‌కి వేసిన ఐడియా ఇది, ఎంత అందంగా ఉందో!

సోల్డరింగ్ అయ్యాక బ్రిడ్జ్ ఒక్కటే వాయిస్తే అదిరిపోయింది, మిడిల్ పికప్‌తో కలిపితే మాత్రం బేస్ అంతా పోయి ముక్కుతో పాడినట్టు పల్చగా వచ్చింది. ఫేజ్ తేడా అన్నమాట, అంటే రెండు పికప్‌ల సిగ్నల్స్ ఎదురుబొదురై ఒకదాన్నొకటి తగ్గించేస్తున్నాయి. హంబకర్ హాట్ (సిగ్నల్ తెచ్చే), గ్రౌండ్ వైర్లు అటుదిటు చేశా, సరిపోయింది, కానీ షీల్డ్ వైర్ (బయటి హమ్‌ను ఆపే కవచానిది) విడిగా ఉంటేనే ఇలా చెయ్యండి, అది ఎప్పుడూ గ్రౌండ్‌కే పోవాలి.

పాత 250కె (కిలో ఓమ్) వాల్యూమ్ పాట్‌తో (నాబ్ కింది రెసిస్టర్) కొంచెం మొద్దుగా అనిపించి 500కె వేశా, ట్రెబుల్ తెరుచుకుంది. మిగతా సింగిల్ కాయిల్స్ ఇప్పుడు కాస్త గుచ్చుతున్నాయి, వాటికి టోన్ తగ్గించి వాడుతున్నా.