కాఫీ మెషిన్‌కు నీటి లైను: ప్రెజర్ పని ఎక్కడిదాకా వచ్చింది

ఏప్రిల్ చివర

ఎస్ప్రెసో మెషిన్‌ను నేరుగా పైపుకు కలపాలంటే ముందు ప్రెజర్ తగ్గించుకోవాలని ఏ వీడియో చూసినా చెబుతారు. వాళ్ల ఇళ్లకు వచ్చే లైనులోనే ఐదారు బార్ (బార్ అంటే ప్రెజర్ కొలత) ఉంటే ఆ బాధ. అనంతపురంలో మా ఇంటి సంగతి వేరు. కొళాయి నీళ్లు సంపులో పడతాయి, మోటారు వేస్తే మిద్దె మీది ట్యాంకుకు ఎక్కుతాయి, అక్కడి నుంచి వాటంతటవే దిగుతాయి. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ లెక్క. వంటింటి కొళాయికి గేజు బిగిస్తే సూది 0.6 దగ్గరే ఆగింది. మా మెషిన్ మాన్యువల్ అడిగేది 2 నుంచి 4 బార్. కాబట్టి మేము ముందు పెంచి, ఆ తర్వాత తగ్గించాలి.

నీళ్లలో బోరువీ కలుస్తాయి. గీజరు ఎలిమెంటుకు పట్టిన తెల్లటి పొరను చూసినవాళ్లెవరూ వాటిని బాయిలర్‌లోకి వదలరు. ఆర్‌ఓ తప్పదు. అయితే ఆర్‌ఓ నీళ్లు మరీ చప్పగా ఉంటే ఇంకో తంటా: బాయిలర్ నిండిందో లేదో చెప్పే ప్రోబ్, నీళ్లలో కరెంటు పారితేనే పని చేస్తుంది. అందుకే కొంచెం మామూలు నీళ్లు కలిపి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 100 దగ్గర ఉంచాను.

మే

ఆర్‌ఓ నీళ్లు ఒక డబ్బాలో చేరతాయి. అక్కడి నుంచి 24 వోల్టుల డయాఫ్రమ్ పంపు, ప్రెజర్ స్విచ్, చిన్న ప్రెజర్ ట్యాంకు, ప్రెజర్ తగ్గించి నిలకడగా ఉంచే రెగ్యులేటర్, గేజు, చివర మెషిన్. వరస చూసి ప్లంబరు, "సార్, కాఫీకేనా ఇదంతా?" అన్నాడు. అమ్మ నవ్వింది. ఆమె ఇప్పటికీ ఫిల్టర్ కాఫీనే తాగుతుంది.

సప్తగిరి సర్కిల్ వైపు ఒక షాపులో రెగ్యులేటర్ అడిగితే గాలి కంప్రెసర్‌ది చేతిలో పెట్టారు. అది వద్దు. వాటిలో చాలావరకు ఎక్కువైన గాలిని బయటికి వదిలే రకం. నీటి లైనుకు పెడితే ఆ రంధ్రంలోంచి నీళ్లు కారతాయి. తాగునీటికి పనికొచ్చేది బెంగళూరు నుంచి తెప్పించాను. గేజు 0–6 బార్‌ది తీసుకుంటే మంచిది, పెద్ద స్కేలు మీద అర బార్ తేడా కంటికి ఆనదు.

అసలు కిటుకు స్విచ్‌లో ఉంది. మా పంపు 2.8 బార్‌కు ఆన్ అవుతుంది, 4కు ఆగుతుంది. రెగ్యులేటర్ లేకపోతే ఒక కప్పు 4 బార్ మీద, ఇంకో కప్పు 3 మీద వస్తుంది. రెగ్యులేటర్‌ను 3 మీద పెట్టినా అంతే, లైను 2.8కి పడినప్పుడు అది చేయగలిగింది ఏమీ లేదు. దాని సెట్టింగు పంపు ఆన్ అయ్యే ప్రెజర్ కంటే బాగా కింద ఉండాలి. నాది 2.2. ప్రెజర్ ట్యాంకులో గాలి మాత్రం 38 పీఎస్ఐ, అంటే 2.6 బార్. నీళ్లు ఖాళీ చేసి పంక్చర్ షాపులో కొట్టించాను.

జూన్

సెట్ చేసేటప్పుడు ఒకటి గమనించాలి. రెగ్యులేటర్ స్క్రూ వదులు చేసినా సూది దిగదు, ఎందుకంటే అవతల మూసి ఉన్న పైపులో పాత ప్రెజర్ అలాగే ఉండిపోతుంది. నీళ్లు వదిలితేనే అసలు అంకె తెలుస్తుంది. మా మెషిన్‌ది ఈ61 గ్రూపు (పొడి గిన్నె బిగించే, కాఫీ దిగే భాగం), 1961లో ఫేమా కంపెనీ తెచ్చిన డిజైన్. లీవరు సగం ఎత్తితే మెషిన్ లోపలి పంపు తిరగకుండానే లైను ప్రెజర్‌తో నీళ్లు వస్తాయి. అలా పారుతున్నప్పుడు 1.9, ఆపాక 2.2 చూపిస్తోంది. నేను నమ్మేది పారేటప్పటి అంకెనే.

లైను మారితే బ్రూ ప్రెజర్ (కాఫీ పొడి మీద పడే ప్రెజర్) కూడా మారుతుంది, మెషిన్ లోపలి రోటరీ పంపు తనకు అందిన ప్రెజర్ మీద తనది కలుపుతుంది మరి. ఇంతకుముందు మెషిన్ తన సొంత డబ్బాలోంచి నీళ్లు పీల్చేది. లైనుకు మార్చాక బ్లైండ్ బాస్కెట్ (రంధ్రాలు లేని పొడి గిన్నె) పెట్టి చూస్తే 11 బార్ దాటింది. ఆ పంపు ప్రెజర్‌ను సర్దే బైపాస్ స్క్రూ వదులు చేసి 9కి దించాను. లైను తేలాకే దీని జోలికి వెళ్లాలి, లేకపోతే రెండుసార్లు పని.

పొడి మీద ఎనిమిది సెకన్లు లైను ప్రెజర్‌తో తడిపి, ఆ తర్వాత లీవరు పూర్తిగా ఎత్తుతున్నాను. లైట్ రోస్ట్ గింజలకు తేడా బాగా తెలుస్తోంది, పులుపు తగ్గింది. డార్క్ రోస్ట్‌కు నాకైతే పెద్ద తేడా అనిపించలేదు.

మిగిలింది లీకు సంగతి. పుష్ ఫిట్టింగు (పైపు నొక్కి బిగించే జాయింటు) ఒకటి ఊడితే డయాఫ్రమ్ పంపు ఆగకుండా తోడి డబ్బా మొత్తం వంటింట్లో పోస్తుంది. ప్రస్తుతానికి రాత్రిళ్లు పంపు స్విచ్, మెషిన్ వాల్వు రెండూ కట్టేస్తున్నాం. నేల తడవగానే పంపుకు కరెంటు ఆపే సెన్సార్ వచ్చే వారం బిగించాలి.