కంట్లో దుర్మాంసం: మూడోసారి

చిత్తూరు జిల్లాలో ప్రైవేటు సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. ఇరవై రెండేళ్లుగా పలమనేరు, బంగారుపాళ్యం, పుంగనూరు పొలాల్లో హద్దులు కొలవడమే పని. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను టోటల్ స్టేషన్ అనే కొలతల యంత్రానికి ఆనించి, దూరంగా కుర్రాడు పట్టుకున్న ప్రిజాన్ని (గురి చూసే గాజు దిమ్మని) లోపల కనిపించే అడ్డ, నిలువు గీతల (క్రాస్ వైర్ల) మధ్యకి తెచ్చుకోవాలి. దుర్మాంసం పెరిగింది ఆ కుడి కంట్లోనే.

ముక్కు వైపు తెల్లగుడ్డు మీద పసుపుపచ్చ మచ్చలా మొదలై, ఎర్రటి నరాలతో ముక్కోణంలా సాగి నల్లగుడ్డు మీదికి పాకింది. డాక్టర్లు టెరీజియం అంటారు. రెక్క అనే గ్రీకు మాట నుంచి వచ్చిందట ఆ పేరు. ఏళ్ల తరబడి ఎండలో, దుమ్ములో తిరిగేవాళ్లకి ఎక్కువగా వస్తుంది. అమ్మ రోజూ రాత్రి నందివర్ధనం పూలు తెచ్చి కంటి మీద పెట్టేది. చల్లగా హాయిగా ఉండేది, కండ మాత్రం తగ్గలేదు.

2015లో మొదటిసారి తీయించుకున్నాను. కండ కోసేసి ఆ చోటు అట్లాగే వదిలేశారు. నాలుగు నెలలకి మళ్లీ వచ్చింది. 2018లో రెండోసారి తీసినా అదే కథ, పైగా ఈసారి మరీ మందంగా పెరిగింది. కుడి పక్కకి చూస్తే కన్ను పట్టేసినట్టుండి, ఒక్క రాయి రెండు రాళ్లుగా కనిపించేది. హద్దు రాయి తప్పు చూపిస్తే అన్నదమ్ముల మధ్య గొడవలవుతాయి. ఆ టెన్షన్‌తో ఒక్కో పాయింటూ మూడుసార్లు చూసుకునేవాణ్ణి.

2023లో తిరుపతిలో చూపించుకుంటే డాక్టరమ్మ ఒక్క మాట చెప్పారు. "కండ తీయడం తేలికేనండీ. తీసిన చోటుని కప్పకపోతే మళ్లీ వస్తుంది." పై రెప్ప కింద దాగి ఉండే పలుచటి పొరని కొంచెం తీసి, కండ ఉన్న చోట జిగురుతో అతికిస్తామన్నారు. రెండుసార్లు తిరగబెట్టిన కేసు కాబట్టి మైటోమైసిన్ అనే మందు కూడా కాసేపు అద్దారు. కంటి పక్కన ఇచ్చిన ఇంజెక్షన్ తప్ప నొప్పి తెలియలేదు. ఆ తర్వాత వారం మాత్రం కంట్లో ఇసుక పోసినట్టే ఉంది.

అసలు ఓపిక కావాల్సింది ఆ తర్వాతే. స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వెయ్యాలి. వాటివల్ల కంటి ప్రెజర్ పెరగొచ్చు కాబట్టి వెళ్లిన ప్రతిసారీ ప్రెజర్ చూసేవారు. బాగానే ఉంది కదా అని చుక్కలు మానేసేవాళ్లుంటారు, దయచేసి అట్లా చెయ్యొద్దు. పోయిన రెండుసార్లూ నేను చేసింది అదే.

కండ రాలేదు గాని, నల్లగుడ్డు మీద మచ్చ మిగిలింది. ఆ చోట ఎగుడుదిగుడుగా ఉండటంతో క్రాస్ వైర్ల గీతలు నీడపడ్డట్టు కనిపించేవి, అద్దాలకీ సర్దుకోలేదు. దానికే లేజర్. బంధువులంతా లేజర్ కొడితే కండ మాడిపోతుందనుకున్నారు. నాకు చేసిన ఎక్సైమర్ లేజర్ పని అది కాదు. 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణంతో నల్లగుడ్డు పైభాగాన్ని వెంట్రుక మందం కూడా లేనంత పలుచగా చెక్కి నున్నగా చేస్తారు. ఎండలోని అతినీలలోహితం తెచ్చిపెట్టిన జబ్బుకి మళ్లీ అదే జాతి కిరణంతో వైద్యమా అని నాకు ఆశ్చర్యమేసింది.

ఆరు నెలలాగి, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి చేయించుకున్నాను. మత్తు చుక్కలు వేసి, రెప్పలు మూతపడకుండా క్లిప్పు పెట్టి, పైనున్న లైటునే చూడమన్నారు. టకటకమని చప్పుడు, వెంట్రుక కాలినట్టు వాసన. నిమిషంలోపే అయిపోయింది. మీద ఒక కాంటాక్ట్ లెన్స్ పెట్టి పంపారు. మొదటి రెండు రాత్రులు మాత్రం నిద్ర లేదు. ధారగా నీళ్లు కారుతుంటే మా ఆవిడ పక్కనే కూర్చుని టైం చూసి చుక్కలు వేసింది.

నెల తర్వాత పలమనేరు దగ్గర ఒక మామిడితోటలో మళ్లీ స్టాండ్ వేశాను. అడ్డగీత, నిలువుగీత, మధ్యలో ప్రిజం. అన్నీ ఒక్కొక్కటే. "ఏం సార్, ఇంకా కుదరలేదా?" అని కుర్రాడు అవతలి నుంచి అరిచేదాకా కన్ను తీయలేకపోయాను.

ఇప్పుడు పక్కల నుంచి కూడా ఎండ పడకుండా కమ్మే నల్లద్దాలు, వెడల్పు టోపీ లేకుండా పొలంలో దిగను. తిరిగొచ్చేదైతే ఎక్కువగా మొదటి ఏడాదిలోనే వస్తుందన్నారు. అందుకే సర్జరీ అయినప్పటి నుంచి ప్రతి నెల ఒకటో తేదీన, కిటికీ దగ్గర నిలబెట్టి మా ఆవిడ నా కుడి కన్ను ఫోటో తీసి పాతదాని పక్కన పెట్టి చూస్తుంది. మొన్న తీసింది పద్నాలుగోది. ముక్కు వైపు తెల్లగానే ఉంది.