సతోపంథ్ దారిలో నేల చలి

చక్రతీర్థంలో అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. ఒంటి చుట్టూ మందమైన స్లీపింగ్ బ్యాగ్ ఉంది, తలకు ఉన్ని టోపీ ఉంది, ముఖమూ ఛాతీ వెచ్చగానే ఉన్నాయి. కానీ భుజాల నుంచి నడుము దాకా వీపంతా తడిబండకు ఆనించినట్లు చల్లబడిపోయింది. పక్కకు ఒత్తిగిలితే కాసేపటికి ఆ పక్క కూడా చల్లబడేది. గాలి లోపలికి కొడుతోందేమోనని టెంటు జిప్పు తడిమి చూశాను, బ్యాగ్ తడిసిందేమోనని చేత్తో పరీక్షించాను. రెండూ సవ్యంగానే ఉన్నాయి. నేను ముచ్చటపడి కొనుక్కున్న గాలి పరుపులోంచే చలి పైకి వస్తోందన్న సంగతి తెల్లవారాక గాని నాకు బోధపడలేదు.

బదరీనాథ్ దాటి, మానా గ్రామం మీదుగా సతోపంథ్ సరస్సుకు సాగే ఈ యాత్రలో మానా తర్వాత రోడ్డు లేదు, సత్రాలు లేవు. లక్ష్మీవనంలో ఒక రాత్రి, చక్రతీర్థంలో మరో రాత్రి టెంటు వేసుకొని, మూడో రోజున హిమానీనదం తెచ్చి పోసిన రాళ్ళ గుట్టల మీదుగా సరస్సును చేరుకోవాలి. మహాప్రస్థానంలో పాండవులు ఈ దారినే నడిచారనీ, ద్రౌపది మొదలుకొని భీముడి వరకు ఒక్కొక్కరే ఒరిగిపోగా ధర్మరాజు ఒక్కడే ముందుకు సాగాడనీ యాత్రికుల విశ్వాసం. మూడు కోణాలున్న ఆ సరస్సులో ఏకాదశి నాడు బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు ఒక్కో కోణంలో స్నానమాడతారని కూడా చెప్పుకుంటారు. మా బావగారికి ఆ ఏకాదశి మీద చాలాకాలంగా మనసు ఉండడంతో, ఒక సెప్టెంబరు చివరలో ఇద్దరం బయలుదేరాం.

పడక విషయంలో మా ఇద్దరి ఎంపికలూ వేరు. ఆయన తెచ్చుకున్నది అట్టముక్కలా మడతలు పడే, రెండు సెంటీమీటర్ల మందమైన మామూలు ఫోమ్ చాప. దాన్ని సంచికి బయట తాడుతో కట్టుకొని నడుస్తుంటే నాకు కొంచెం నవ్వు కూడా వచ్చింది. నాది ఊదితే ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు లేచే గాలి పరుపు. మడిస్తే నీళ్ళ సీసా అంత అవుతుంది. కొనే ముందు దాని మీద రెండు నిమిషాలు పడుకొని, తుంటి ఎముక నేలకు తగలడం లేదని చూసి, అంతకంటే పరీక్ష ఏముంటుందనుకున్నాను. రెండు నిమిషాల్లో తెలిసేది మెత్తదనం ఒక్కటే. నేల ఒంట్లోని వేడిని ఎంత వేగంగా లాగేస్తుందో తెలియాలంటే గడ్డకట్టిన నేల మీద అర్ధరాత్రి దాకా పడుకోవాలి.

లక్ష్మీవనంలోనే ఒక సూచన అందింది, కానీ నేను దాన్ని మరోలా అర్థం చేసుకున్నాను. సాయంత్రపు ఎండలో బిగువుగా ఊదిన పరుపు రాత్రి పదింటికల్లా మెత్తబడింది. చిల్లు పడిందనుకొని, తలకు దీపం కట్టుకొని, అంగుళం అంగుళం చెవి ఆనించి విన్నాను. చిల్లు ఎక్కడా లేదు. పాతిక డిగ్రీల వేడిలో నింపిన గాలి సున్నా డిగ్రీలకు చల్లబడితే దాదాపు 8 శాతం కుంచించుకుపోతుంది. బడిలో చదువుకున్న పాఠమే, ఆ చీకట్లో గుర్తుకు రాలేదు. పడుకోబోయే ముందు మరో నాలుగు ఊపిరులు ఊదితే సరిపోయేది.

చక్రతీర్థంలో తెల్లవారాక నా అవస్థ విని బావగారు, "ఏమోయ్, నీ పరుపు మెత్తనిదే, కాదనను. చలికి మెత్తదనంతో పనేమిటి?" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. స్లీపింగ్ బ్యాగ్ వెచ్చగా ఉంచేది దానిలోని ఈకలో, కృత్రిమ పోగులో తమ మధ్య పట్టి ఉంచే గాలితో. మన బరువు కింద ఆ పొర అణిగిపోతుంది కాబట్టి, వీపు కింద బ్యాగ్ ఉన్నా లేనట్టే. అక్కడ కాపాడవలసింది పరుపే. నా పరుపు లోపల ఏ అడ్డూ లేని బోలు గది. నా ఒంటితో పైన వేడెక్కిన గాలి, నేలతో కింద చల్లబడిన గాలి నేను కదిలినప్పుడల్లా లోపల కలిసిపోతూ, నా వేడిని తీసుకుపోయి నేలకు అప్పగిస్తూ ఉన్నాయి. బావగారి చాపలో గాలి కోట్ల కొద్దీ చిన్న చిన్న మూసిన బుడగల్లో చిక్కుకొని ఉంది, అది కదలలేదు. బ్యాగ్ మీద అచ్చువేసిన ఉష్ణోగ్రత కూడా కింద తగిన పరుపు ఉందన్న లెక్కతో పరీక్షించి ఇచ్చినదే. ఆ సంగతి తెలియక, చలికి సరిపోయే బ్యాగ్ కొన్నానన్న ధీమాతో నేను ఇంత ఎత్తుకు వచ్చాను.

సరస్సు ఒడ్డున ఆ రాత్రికి చేతనైన ఏర్పాటు చేసుకున్నాను. ఖాళీ చేసిన సంచిని పరుపు కింద నడుము భాగంలో పరిచాను. ఉన్ని శాలువాను నాలుగు మడతలు వేసి పరుపుకూ బ్యాగ్‌కూ మధ్య పెట్టాను. వర్షపు కోటు కాళ్ళ కింద వేసుకున్నాను. ఏ పొరా గొప్పది కాదు, అన్నీ కలిసి నన్ను తెల్లారేదాకా నెట్టుకొచ్చాయి. ధ్యానానికి ఆసనం గురించి చెబుతూ గీతలో కృష్ణుడు దర్భలు, వాటి మీద అజినం, అంటే జింక చర్మం, దాని మీద వస్త్రం పరచమంటాడు. ఆధ్యాత్మికార్థాలు పెద్దలకు తెలుసు గాని, ఆ రాత్రి నాకు మాత్రం అందులో ఒకదాని మీద ఒకటి వేసిన పొరలే కనిపించాయి.

మళ్ళీ వెళ్ళాలని తిరుగు దారిలోనే నిశ్చయించుకున్నాం. ఈసారి పడక ఎంచుకోవడానికి నేను తీసుకున్నంత సమయం, నిజం చెప్పాలంటే, మిగతా సామానంతటికీ కలిపి కూడా తీసుకోలేదు. పరుపు వేడిని ఎంత గట్టిగా ఆపుతుందో చెప్పే కొలతను ఆర్-వాల్యూ అంటారు. ఒంటి వేడితో ఉన్న పలకకూ చల్లని పలకకూ మధ్య పరుపును ఉంచి, పై పలకను అదే వేడిలో నిలపడానికి ఎంత శక్తి ఖర్చవుతుందో చూసి దాన్ని లెక్కిస్తారు. ఒకప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలిచేది. 2018లో ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఎఫ్3340 ప్రమాణాన్ని తెచ్చాకే అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చే వీలు కలిగింది. కాబట్టి పాత పరుపు మీది అంకెను కొత్తదానితో పోల్చకూడదు. లోపల ఏమీ లేని గాలి పరుపుకు ఈ విలువ 1 దరిదాపుల్లో ఉంటుంది, మంచి ఫోమ్ చాపకు 2 దాకా వస్తుంది, లోపల వేడిని తిప్పికొట్టే పొరలున్న గాలి పరుపుకు 4 పైన కూడా ఉంటుంది. వేసవి రాత్రులకు 2 చాలు; నేల గడ్డకట్టే చోట 5కు తగ్గితే నేను వెళ్ళను. అన్నిటికంటే నాకు నచ్చిన గుణం, ఒకదాని మీద ఒకటి పరిస్తే ఈ విలువలు కూడుకుంటాయి.

వాల్వ్ తిప్పితే తనంత తాను ఉబ్బే పరుపులను కూడా చూశాను. విమానాల కంపెనీ బోయింగ్‌లో ఉద్యోగాలు పోయిన ఇంజనీర్లు 1970లలో సియాటిల్‌లో రూపొందించిన థెర్మరెస్ట్‌తో ఆ రకం మొదలైంది. తోటపనిలో మోకాళ్ళ కింద వేసుకున్న ఫోమ్ ముక్క ఒత్తితే గాలి వదిలి, తీస్తే మళ్ళీ పీల్చుకోవడం గమనించగా పుట్టిన ఆలోచన అట. నిద్ర హాయిగా పడుతుంది, నిజమే. కాకపోతే వీపున మోస్తూ మూడు రోజులు ఎక్కేవాడికి అంత బరువు, అంత చుట్ట దండగ. వాహనం దిగి అక్కడే గుడారం వేసుకునేవారికి వాటిని నిరభ్యంతరంగా చెబుతాను.

చివరికి నాలుగు వందల గ్రాముల ఫోమ్ చాప ఒకటి, లోపల పొరలున్న గాలి పరుపు ఒకటి, రెండూ తీసుకున్నాను. రెండూ కలిపి కిలో లోపే. విలువ 6 దాటింది. ఫోమ్ చాప కింద ఉంటుంది కాబట్టి, చక్రతీర్థం దాటాక ఎదురయ్యే పదునైన రాళ్ళు గాలి పరుపును చేరవు. ఒకవేళ చేరి చిల్లు పడినా పడుకోవడానికి చాప మిగులుతుంది. అతుకు ముక్కలు ఎలాగూ వెంట ఉంచుకున్నాను. నేను పక్కకు తిరిగి పడుకునేవాణ్ణి కనుక ఎత్తు విషయంలో రాజీ పడలేదు. వెడల్పు మాత్రం మామూలు 51 సెంటీమీటర్లు సరిపెట్టుకున్నాను. మోచేతులు రాత్రంతా కిందికి జారుతూనే ఉన్నాయి గనుక ఇది నా తప్పేనని ఒప్పుకుంటున్నాను. 64 సెంటీమీటర్లది తీసుకొని ఉండాల్సింది. నైలాను మీద నైలాను జారిపోకుండా పరుపు అడుగున జిగురు చుక్కలు పెట్టుకున్నాను, తల ఎత్తు వైపు ఉండేలా పరుచుకున్నాను.

నోటితో ఊదే అలవాటు కూడా మానేశాను. సముద్రమట్టానికి 4,400 మీటర్లకు పైనున్న సరస్సు దగ్గర గాలి ఒత్తిడి కింద ఉన్నదానిలో 60 శాతం కూడా ఉండదు. మొదటి యాత్రలో ఇరవై ఊపిరులు ఊదేసరికి కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను. పైగా ఊపిరిలోని తేమ లోపల చేరి బూజు పట్టే ప్రమాదం ఉంది. పరుపు వాల్వ్‌కు తగిలించే సంచిలోకి గాలి పట్టి, మూతి బిగించి, చంకలో నొక్కితే నాలుగైదు సార్లలో పరుపు నిండుతుంది.

రెండో యాత్రలో సరస్సు ఒడ్డున నేను ఒక్క నిద్రలో తెల్లవారుజాము చేశాను. లేచి చూసేసరికి నా కింది ఫోమ్ చాప లేదు. బయట మంచు పేరుకున్న గడ్డి మీద దాన్ని రెండు మడతలు వేసుకొని, ఏకాదశి స్నానం ముగించిన బావగారు జపానికి కూర్చొని ఉన్నారు. ముగిశాక చాప ఎత్తి నా చేతికిచ్చారు. అడుగు భాగం తడిసి మంచులా ఉంది, పై భాగం పొడిగా, ఇంకా వెచ్చగా ఉంది.

"బాగా నిద్రపట్టిందా, బావగారూ?" అని అడిగాను.

"నీకు పట్టిందిగా, చాలు. నువ్వు అటు తిరిగినా ఇటు తిరిగినా ఆ కొత్త పరుపు చిప్స్ పొట్లంలా గరగరలాడుతూనే ఉందోయ్. అందుకే నీ చాప లాక్కొని ఇవతలకి వచ్చేశాను" అన్నారు.