రెండు నెలలు ఆపి ఉంచిన గీజరు

సంక్రాంతికి ఊరికి వెళ్లి, రెండు నెలల తర్వాత అపార్ట్‌మెంటుకు తిరిగి వచ్చినప్పుడు స్నానాల గదిలోని చేతి షవరును విప్పి చూశాను. బోరు నీటి సున్నం తెల్లగా పేరుకున్న రంధ్రాల వెనుక, వేలికి జారే సన్నని పాచి పొర కనిపించింది. లీజియోనెల్లా అనే బాక్టీరియా పెరగడానికి ఇటువంటి చోటే అనుకూలం.

1976 జూలైలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో జరిగిన మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవారిలో 29 మంది అంతుచిక్కని న్యుమోనియాతో మరణించగా, మరుసటి జనవరిలో ఈ సూక్ష్మజీవిని గుర్తించారు. ఇది ప్రధానంగా గాలిలోకి లేచే తుంపరలను పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు చేరుతుంది. వృద్ధులకు, పొగ తాగేవారికి ముప్పు ఎక్కువ.

20 నుంచి 45 డిగ్రీల నీటిలో ఇది వృద్ధి చెందుతుంది, 60 డిగ్రీల దగ్గర నశిస్తుంది. అందువల్ల కరెంటు బిల్లు కోసం స్టోరేజి గీజరును ఎప్పుడూ 40 దగ్గరే ఉంచడం నాకు సరైన పొదుపుగా తోచదు. అయితే 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది కనుక, పిల్లలున్న ఇంట్లో బకెట్టులో ముందు చన్నీళ్లు పట్టి, ఆ తర్వాతే వేడినీళ్లు కలపాలి. గీజరు ప్రెషర్ వాల్వు నుంచి చుక్కలు కారుతున్నాయని ఎవరైనా దానికి బిరడా బిగించబోతే దయచేసి ఆపండి. వేడెక్కి వ్యాకోచించే నీటి ఒత్తిడి బయటపడే దారి అదే.

ఆ రోజు కిటికీ తెరిచి, గీజరును 60కి పెట్టి గంటసేపు వేడి చేశాక, తుంపర లేవకుండా షవరు గొట్టాన్ని బకెట్టులో ముంచి నీళ్లు వదిలాను. షవరును రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి మళ్లీ బిగించాను.