తొమ్మిదో నిధి ఎక్కడుంది మావయ్యా

మా ఇంట్లో డీవీడీ ప్లేయర్ లేదు, లాప్‌టాప్‌లకి ఆ డ్రైవ్ పెట్టడం ఎప్పుడో మానేశారు, అయినా పోయినేడు నేనొక పాత డీవీడీ సెట్టు కొన్నాను, అది వచ్చాక దాన్ని పెట్టుకోడానికి ఒక యూఎస్‌బీ డ్రైవ్ కూడా కొన్నాను. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టుంది అన్నారు మా ఆయన. అననివ్వండి.

ఆ సెట్టు ఏంటంటే పైరేట్స్ ఆఫ్ డార్క్ వాటర్ అనే పాత కార్టూన్ సీరీస్. తెలుసా? తెలీదు కదా. ఇక్కడ టెక్సాస్‌లో మా కాలనీ పాట్‌లక్‌లో, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందులో, 12 తెలుగు కుటుంబాలు, అందరం ఇంచుమించు ఒకే వయసు వాళ్ళం, జంగిల్ బుక్ అనగానే అందరూ ఆ పాట ఎత్తుకున్నారు (ఆ రోజుల్లో ఆ హిందీ పాట మొత్తంలో నాకు అర్థమైంది చడ్డీ అనే ఒక్క ముక్కే), స్వాట్ క్యాట్స్ అంటే మగాళ్ళంతా ఒకేసారి మొదలెట్టారు, సెంచూరియన్స్ కూడా ఇద్దరికి గుర్తుంది. డార్క్ వాటర్ అంటే మాత్రం ఒక్కరు కూడా పలకలేదు. "నువ్వు కలగన్నావేమో" అంది ఒకావిడ, నవ్వుతూనే. నాకు నిజంగానే డౌటొచ్చింది, అందుకే కొన్నా.

అసలు సంగతి చెప్తాను. మాది బెజవాడ సత్యనారాయణపురం. మా నాన్న టెన్త్ అయ్యేదాకా ఇంట్లోకి కేబుల్ రానిచ్చేది లేదన్నారు, అన్నట్టే చేశారు. కాబట్టి మాకు దూరదర్శనే గతి. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలోకి 1995లో వచ్చింది కానీ నాకు మాత్రం ఏడాదికి ఒక్క ఎండాకాలమే వచ్చేది, సెలవులిచ్చిన మర్నాడే గుంటూరు పాసింజర్ ఎక్కి మా పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళిపోయేవాళ్ళం కాబట్టి. బ్రాడీపేట. అడ్రసు లెక్కల పుస్తకంలో భిన్నంలా ఉంటుంది, లైను పైన, అడ్డరోడ్డు కింద. వాళ్ళింట్లో డయనోరా టీవీ, దాని ముందు మేం ఆరుగురు పిల్లలం, కరెంటు ఉన్నంతసేపు. రాత్రయితే కార్టూన్లు పోయి అదే ఛానెల్లో టీఎన్‌టీ అని ఇంగ్లీషు పాత సినిమాలు వచ్చేవి, అప్పుడు పెద్దవాళ్ళు కూడా చూసేవాళ్ళు కాదు, టీవీ కట్టేసేవాళ్ళు.

అప్పట్లో అది అంతా ఇంగ్లీషే. మాలో ఇంగ్లీషు వచ్చింది మా అన్నయ్యకి మాత్రమే, అంటే పెద్దమ్మ కొడుకు, అప్పటికి తొమ్మిదో క్లాసు. వచ్చింది అంటే ఇంగ్లీష్ మీడియంలో చేరి రెండేళ్ళయింది అని అర్థం. వాడు టీవీ పక్కన స్టూలేసుకుని సౌండు తగ్గించేసి మాకు తెలుగులో చెప్పేవాడు. అందరి గొంతులూ వాడివే. రెన్ అనే హీరోని రేణుగాడు అనేవాడు, వాడి దగ్గర విరిగిపోయిన కత్తి ఉంటుంది. నిడ్లర్ అని సగం కోతి సగం పక్షి ఉంటుంది, అది కోతిపిట్ట. బ్లోత్ అని కొండంత విలన్, ఎముకలతో చేసిన ఓడ వాడిది. తుల అనే అమ్మాయి ఉంటుంది కదా, ఆవిడది తులారాశి, అందుకే మొక్కలూ జంతువులూ ఆవిడ మాట వింటాయి. వాళ్ళుండే లోకం పేరు మెర్, అది మన మేరుపర్వతం పక్కనే. మేం నోరు తెరుచుకుని వినేవాళ్ళం.

ఆ లోకాన్ని నల్లనీళ్ళు కొంచెం కొంచెంగా మింగేస్తుంటాయి. ఆపాలంటే 13 నిధులు వెతికి తేవాలి. పెద్దమ్మ వాళ్ళ గేటు ముందు పెద్ద సైడు కాలవ ఉండేది, నల్లగా, పైన నాచు కట్టి. క్రికెట్ బంతి అందులో పడితే ఎవ్వరం చెయ్యి పెట్టేవాళ్ళం కాదు. నల్లనీళ్ళు మింగేశాయ్ అని అరిచి లోపలికి పరిగెత్తేవాళ్ళం. ఒక ఎండాకాలంలో ఎన్ని బంతులు పోయాయో ఆ బజారు చివర కొట్టువాడికే తెలియాలి.

ఇంకోటి. అయోజ్ అని ఒక దొంగ ఉంటాడు, కోపమొస్తే "నోయ్ జితాత్" అంటాడు. అన్నయ్యా అంటే ఏంటిరా అనడిగితే అది చాలా పెద్ద బూతు, ఆడపిల్లలు అడక్కూడదు అన్నాడు. ఇంకేం, ఆ రెండు నెలలూ పెద్దమ్మ ఎదురుగానే ఒకళ్ళనొకళ్ళం అదే తిట్టుకున్నాం, ఆవిడ మజ్జిగ పోస్తూ మీ ఇంగ్లీషు బాగానే వస్తోందే అని సంతోషపడింది. నిజం చెప్పాలంటే అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసులో ఎవరైనా ఆ మాట అంటారేమోనని నేను కొన్నాళ్ళు చూశాను. డీవీడీలో విని మావాణ్ణి అడిగితే "అమ్మా అది ఇంగ్లీష్ కాదు, షోలో కల్పించిన లాంగ్వేజ్" అన్నాడు. 30 ఏళ్ళు.

సరే, డీవీడీ. మావాడికి 11, చిన్నదానికి 7. ఒక శనివారం దోసెలు పోసి పెట్టి ముగ్గురం కూర్చున్నాం. నేననుకున్నదేంటంటే నా చిన్నతనం వీళ్ళకి చూపిస్తున్నానని. పది నిమిషాలకి నాకే తెలిసిపోయింది, ఈ కథ నేను ఎప్పుడూ చూడలేదని. బొమ్మలు అవే, ఓడ అదే, కథ వేరే. మా అన్నయ్య చెప్పిన దాన్లో బ్లోత్ రెన్‌కి స్వయానా మేనమామ, ఆస్తి పంపకాల దగ్గర మోసం చేసి రాజ్యం రాయించుకున్నాడు. డీవీడీలో పంపకాలూ లేవు, మేనమామా లేడు. అన్నయ్య చెప్పిన దాన్లో తుల, అయోజ్‌కి చిన్నప్పుడు తిరునాళ్ళలో తప్పిపోయిన చెల్లెలు. ఇక్కడ వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. నేను ఇన్నేళ్ళు బెంగపెట్టుకున్నది హన్నా బార్బెరా వాళ్ళు తీసిన కార్టూన్ మీద కాదన్నమాట, బ్రాడీపేటలో స్టూలు మీద కూర్చుని తొమ్మిదో క్లాసు కుర్రాడు చెప్పిన దాని మీద.

పిల్లలకి నచ్చిందా అంటే, ఏదో. అంత గొప్పగా కూడా లేదులెండి, కొన్ని ఎపిసోడ్లలో బొమ్మలు బాగా గీశారు, కొన్నిట్లో చుట్టేశారు. చిన్నది లేచి వెళ్ళిపోబోతూ తుల మాట్లాడగానే ఆగిపోయింది, "అమ్మా, ఇది ఏరియల్!" అని. చూస్తే నిజమే, లిటిల్ మెర్మెయిడ్‌లో ఏరియల్‌కి గొంతిచ్చిన జోడీ బెన్సనే తులకీ ఇచ్చింది. ఆ గొంతు కోసం అది కూర్చుంది. వాడు మాత్రం నిధులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. 1991లో 5 ఎపిసోడ్లతో మొదలై 1993కి ఆగిపోయింది ఈ సీరీస్, మొత్తం 21. 8 నిధులు దొరుకుతాయి, 13 కదా కావాల్సింది, అంతే, ఇక లేదు. వాడు డిస్కు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మిగతా 5 ఏవమ్మా?" అన్నాడు. వాడి జీవితంలో సగంలో ఆగిపోయిన కథ అదే మొదటిది అనుకుంటా, వీళ్ళకి అన్నీ వరసగా తయారుగా ఉంటాయి కదా, ఒకటి అవుతుండగానే రెండోది మొదలైపోతుంది.

మాకు మాత్రం అది అలవాటే. గుంటూర్లో కూడా ఇట్టాగే ఒకరోజు ఎనిమిదో నిధి దొరికింది, మర్నాడు తొమ్మిదోది అని మధ్యాహ్నం పడుకోకుండా కాచుకుని కూర్చుంటే మళ్ళీ మొదటి ఎపిసోడ్ వేశాడు. ఏడ్చాం. ఆ రాత్రి డాబా మీద నీళ్ళు చల్లి పక్కలేసుకున్నాక అన్నయ్యే మొదలుపెట్టాడు, మిగతావి నాకు తెలుసులే అని. తొమ్మిదోది కొండవీడు కోటలో ఉంది. పదోది ఉండవల్లి గుహల్లో పడుకున్న దేవుడి వెనక. పదకొండు సూర్యలంక దగ్గర సముద్రంలో. పన్నెండోది, ఇది నా కోసం చెప్పాడు, మీ బెజవాడ బ్యారేజీ గేటు కింద. బ్యారేజీకి 70 గేట్లు. ఏ గేటు అన్నయ్యా అంటే చెప్పడు. సెలవులైపోయి రైలెక్కేదాకా అడిగాను, చెప్పలేదు. పదమూడోది అసలు ఎత్తనే లేదు.

ఇదంతా పిల్లలకి చెప్పాను. ఇంగ్లీషులోనే చెప్పాను, దాచేదేముంది, మా ఇంట్లో తెలుగు నేను మాట్లాడతాను, వాళ్ళు ఇంగ్లీషులో జవాబిస్తారు, ఆదివారం తెలుగు బడిలో గుణింతాలు గడగడా చదువుతారు, బయటికి రాగానే మళ్ళీ మామూలే. మావాడు అంతా విని "అయితే మావయ్యకి తెలుసా?" అన్నాడు.

జూన్‌లో వెళ్ళాం. పెద్దమ్మ వాళ్ళ పాత ఇల్లు పోయి అక్కడ అపార్ట్‌మెంట్ లేచింది, కాలవ మీద సిమెంటు పలకలు వేశారు, దాని మీద స్కూటర్లు. అన్నయ్య మూడో అంతస్తులో ఉంటాడు, మిర్చి యార్డులో పెదనాన్న కమీషన్ కొట్టు ఇప్పుడు వాడే చూస్తున్నాడు. రాత్రి అన్నాలయ్యాక డాబా మీదకెళ్ళాం. వాటర్ ట్యాంకుల మధ్య చాపేసుకున్నాం. మావాడు ఇంక ఆగలేదు.

"మావయ్యా, నైన్త్ ట్రెజర్ మీకు తెలుసంట."

"ఏం ట్రెజరు నాన్నా? ట్రెజరీ ఆఫీసా?"

వాడికి ఒక్క ముక్క గుర్తులేదు. నిజంగానే లేదు. నేను రెన్, తుల, కోతిపిట్ట అన్నీ చెప్పాను, ఊఁ ఊఁ అని పళ్ళలో పుల్ల పెట్టుకుని విన్నాడు, "నేను చెప్పానా? ఇదంతా? నేనే?" అన్నాడు. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది, ఒప్పుకుంటాను. మావాడు మాత్రం వదల్లేదు. మావయ్యకి వాడి అమెరికా యాస ఇంగ్లీషు సగం కూడా అందదు, రెండుసార్లు "ఏందీ?" అన్నాడు, దాంతో వీడు తెలుగులోకి దిగాడు.

"నల్లనీళ్ళు ఉంటాయి మావయ్యా. అవి అన్నిటినీ తింటాయి. తినడం కాదు... మింగేస్తాయి."

మింగడం అనే మాట మా ఇంట్లో జ్వరం మాత్రలకి తప్ప వాడం. ఎక్కణ్ణించి తీశాడో.

"బ్లోత్ అని ఒకడు. చాలా లావు. వాడి పడవ బోన్స్‌తో చేశారు."

"ఎముకలతోనా? ఎవరి ఎముకలు?"

"పెద్ద యానిమల్‌వి" అంది చిన్నది పక్కనుంచి.

అన్నయ్య పుల్ల తీసేసి సర్దుకుని కూర్చున్నాడు. "ఈ బ్లోతుగాడు రెన్‌కి ఏమవుతాడు? మేనమామా?"

నాకు నవ్వాగలేదు. 30 ఏళ్ళ తర్వాత, ఏమీ గుర్తులేకుండా, మళ్ళీ మేనమామే.

"కాదు మావయ్యా, వాళ్ళు చుట్టాలు కాదు" అన్నాడు మావాడు.

"చుట్టం కాకపోతే అంత పగ ఎందుకురా?"

వాడి దగ్గర దీనికి జవాబు లేదు. ఆలోచించాడు, ఇంగ్లీషులో ఏదో మొదలెట్టాడు, ఆపాడు, చివరికి "సరే, మేనమామ" అన్నాడు. ఆ తర్వాత కొండవీడు దాకా కథ నడిచింది, మధ్యలో చిన్నది నిద్రపోయింది, దోమలు పీకుతున్నా వీళ్ళిద్దరూ లేవలేదు. వాడు తప్పు చెప్తే మావయ్య, మావయ్య తప్పు చెప్తే వాడు, ఒకళ్ళనొకళ్ళు సరిచేసుకుంటూ. అన్నయ్య రెడ్డి రాజుల్ని తెచ్చి కథలో పెట్టాడు, మావాడు వాళ్ళు ఏ సెంచరీ అనడిగాడు, నీకెందుకురా సెంచరీ, తలుపు తెరుచుకుందా లేదా అది చూడు అన్నాడు అన్నయ్య.

తిరిగి వస్తూ బ్యారేజీ మీదుగా వెళ్ళాం. పిల్లలిద్దరూ కారు అద్దానికి ముక్కులానించి గేట్లు లెక్కపెట్టారు, 58 దగ్గర ఎవరో అడ్డమొచ్చి లెక్క తప్పింది, అక్కడ ఆపనివ్వరు కదా.

పదీ పదకొండూ వాట్సాప్‌లో అయ్యాయి, వాయిస్ మెసేజ్‌లు. అన్నయ్యకి అక్కడ సాయంత్రం ఏడు, మాకు పొద్దున ఏడున్నర, స్కూల్ బస్సు ముందు. జనవరి వచ్చేసరికి కొత్త మిర్చి దిగడం మొదలైంది, ఇంక వాడు దొరకలేదు, మావాడు రోజూ ఫోను చూసుకోవడం, లేదమ్మా ఇంకా పెట్టలేదు అనడం. ఫిబ్రవరిలో ఒకరోజు వచ్చింది. మొదటి నిమిషం అంతా యార్డు గోలే, ఎవరో దగ్గుతున్నారు, "ఏయ్ తేజా టిక్కీలు అటు కాదు, ఇటు, ఇటు వెయ్" అని మిర్చి బస్తాల గురించి అన్నయ్య అరుపు, తర్వాత దగ్గరగా గొంతు.

"నాన్నా, సీజన్లో ఉన్నాన్రా, తల తిప్పుకోడానికి లేదు ఇక్కడ. పన్నెండోది బ్యారేజీ కింద అని చెప్పా గదా. గేటు నంబరు మీ అమ్మకి అప్పుడే చెప్పేశా, అమ్మనడుగు."

పచ్చి అబద్ధం. ఇద్దరూ బ్యాగులు తగిలించుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డారు. చిన్నదాని షూ లేసు ఇంకా కట్టలేదు. బస్సుకి నాలుగు నిమిషాలుంది.

"నలభై మూడు" అన్నాను. "కానీ ఆ గేటు పగలు లేవదు."