చెల్లి వంతు బియ్యం

మా పెద్దోడికి 4 ఏళ్ల 4 నెలల 4 రోజులు నిండిన రోజున బిస్మిల్లా, అంటే చదువు మొదలుపెట్టించే వేడుక, చేశాం. ఇక్కడ డల్లాస్‌లో ఆ మాట చెబితే సండే స్కూల్లో ఒకాయన "అది కల్చరమ్మా, దీన్ కాదు" అన్నారు, అంటే ఆచారమే గానీ మతంలో భాగం కాదని. ప్రవక్త మాటలు, నడవడి చెప్పే హదీసుల్లో ఆ లెక్క లేదని నాకూ తెలుసు. కానీ మాది కడప దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులోళ్లం, పక్కింటి పిల్లలకు అక్షరాభ్యాసం చేసినట్టే మాకు బిస్మిల్లా చేసేవాళ్లు. కొత్త బట్టలేసి, పలక చేతికిచ్చి, "ఇఖ్రా" (చదువు) అని మొదలయ్యే ఐదు ఖురాన్ వాక్యాలు మత గురువు హజ్రత్ చెప్తుంటే వెనకే పలికించి, వీధంతా మిఠాయి పంచేవాళ్లు. చదువు మొదలవడం ఇంత సంబరమా అని ఆ రోజు నాకు అనిపించింది. వాడికీ అనిపించాలని నా ఆశ.

సండే స్కూల్ మంచిదే, వాడి తజ్వీద్, అంటే ఖురాన్ చదివే ఉచ్చారణ, నాకంటే బాగుంటుంది. నా టెన్షన్ అంతా అదబ్, అంటే మర్యాద, నడవడిక గురించి. అది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు.

రంజాన్ ఆఖర్లో మా జేజి ఫిత్రా, అంటే ఈద్‌కు ముందు పేదలకిచ్చే దానం, బియ్యం చాప మీద పోసి శేరుతో కొలిచేది, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ. చీకటి పడ్డాక మూటలు మా చేతికిచ్చి, "ఇచ్చి వచ్చేయండి, గుమ్మంలో నిలబడి మాట్లాడొద్దు, వాళ్లకు నామోషీ" అనేది. ఇక్కడేమో ఫోన్‌లో తలకింత అని కట్టేస్తాం, నిమిషంలో అయిపోతుంది, పిల్లోడికి కనపడను కూడా కనపడదు.

అందుకే ఈసారి బియ్యమే ఇద్దామనుకున్నాం. మనిషికి ఒక సా, అంటే ఇంచుమించు 2.5 నుంచి 3 కిలోలు, ఈద్ నమాజుకు ముందే చేరాలి. వంటింట్లో కాటా పెట్టుకుని వాడే తూచాడు. మూడు సంచులు కట్టి ఆగిపోయాడు. "చెల్లికి నెల కూడా నిండలేదు, అన్నం తినదు కదమ్మా, దానికెందుకు?"

వీడియో కాల్‌లో జేజి అంతా చూస్తూనే ఉంది.

"తినకపోతే ఏమిరా, ఇంట్లో మనిషే గదా."

వాడు ఇంకేం అడగలేదు. నాలుగో సంచి తీసి, కాటాను మళ్లీ సున్నాకు తెచ్చి, దోసిలితో పోయడం మొదలుపెట్టాడు.